అద్దె దుకాణం, ఆర్డర్ల లెక్క: చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్ స్టోర్ గిట్టుబాటు అవుతుందా?

ఇద్దరు చిన్న వ్యాపారులను ఊహించుకుందాం. ఒకటి మంగళగిరిలో మగ్గం మీద నేసిన చీరలు అమ్మే కుటుంబం. రెండోది గుంటూరులో ఇంటి దగ్గరే నిల్వ పచ్చళ్లు పెట్టి అమ్మే గృహిణి. ఇద్దరి వ్యాపారమూ ప్రస్తుతం వాట్సాప్‌లోనే నడుస్తోంది. ఫొటో పెడతారు, ధర చెబుతారు, యూపీఐలో డబ్బు వస్తుంది, పార్సిల్ కొరియర్‌కు వెళుతుంది. రోజుకు ఒకటి రెండు ఆర్డర్లు ఉన్నంత కాలం ఇది హాయిగా సాగిపోతుంది. పండగ దగ్గరపడితే మాత్రం తిప్పలు మొదలవుతాయి. ఒకే చీరకు ముగ్గురు డబ్బు పంపిస్తారు. హైదరాబాద్ వెళ్లాల్సిన గోంగూర పచ్చడి బెంగళూరు చేరుతుంది. ఎవరి డబ్బు వచ్చిందో, ఎవరిది రాలేదో తేల్చుకోవడానికి రాత్రి కూర్చుని స్క్రీన్‌షాట్లు వెతుక్కోవాలి.

అలాంటి సమయంలో ఎవరో ఒకరు సలహా ఇస్తారు: "సొంత వెబ్‌సైట్ పెట్టుకోకూడదా? నెలకు రెండు వేలు కడితే సర్వర్లు, సెక్యూరిటీ, బిల్లింగ్ అంతా వాళ్లే చూసుకుంటారు."

నెలకు రెండు వేలు చిన్న మొత్తంలాగే కనిపిస్తుంది. కానీ నూలుకో, నూనెకో, మిరపకాయలకో తిరగాల్సిన డబ్బులోంచే అది పోవాలి. అందుకే సంతకం పెట్టే ముందు రెండు విషయాలు తెలుసుకోవాలి. ఆ అద్దెకు వెనక జరిగే పని ఏమిటి? ఆ అద్దె మోయడానికి నెలకు ఎన్ని ఆర్డర్లు కావాలి? మొదటిది కంప్యూటర్ సైన్స్‌కు సంబంధించిన ప్రశ్న. రెండోది హైస్కూలు గణితం.

బ్రౌజరే గల్లాపెట్టె అయిన కథ

షాపింగ్ కాంప్లెక్సులో మడిగె అద్దెకు తీసుకుంటే గోడలు, కరెంటు, కాపలా యజమానివి. సరకు, బేరం మనవి. హోస్టెడ్ ఆన్‌లైన్ స్టోర్ కూడా అంతే. సాఫ్ట్‌వేర్, సర్వర్లు, వాటి భద్రత వేదిక నడిపే సంస్థ చూసుకుంటుంది. వ్యాపారి తన ఫొటోలు, ధరలు, స్టాకు వివరాలు ఎక్కించి నెలనెలా చందా కడతాడు.

ఈ ఆలోచనకు ముప్పై ఏళ్ల చరిత్ర ఉంది. 1995లో అమెరికాలో పాల్ గ్రాహం, రాబర్ట్ మోరిస్ కలిసి వయావెబ్ అనే సంస్థ పెట్టారు. అప్పట్లో సాఫ్ట్‌వేర్ అంటే డిస్కులో కొని సొంత కంప్యూటర్‌లో ఎక్కించుకునే వస్తువు. వయావెబ్‌లో దుకాణం కట్టే సాఫ్ట్‌వేర్ సంస్థ సర్వర్‌లోనే ఉండేది. వ్యాపారి బ్రౌజర్ తెరిచి దాన్ని నడిపించేవాడు. 1998లో యాహూ దాన్ని కొని యాహూ స్టోర్‌గా మార్చింది. 2004లో కెనడాలోని ఒటావాలో టోబియాస్ లుట్కె, మంచు మీద జారే స్నోబోర్డులు అమ్మడానికి స్నోడెవిల్ అనే ఆన్‌లైన్ దుకాణం తెరిచాడు. దొరికిన సాఫ్ట్‌వేర్ ఏదీ నచ్చక తనే రాసుకున్నాడు. చివరికి స్నోబోర్డుల కంటే ఆ సాఫ్ట్‌వేర్‌కే విలువ ఎక్కువని తేలింది. 2006లో అది షాపిఫై పేరుతో బయటికొచ్చింది. మన దేశంలో జోహో కామర్స్, ఇన్‌స్టామోజో, దుకాన్ వంటివి ఇదే పని చేస్తున్నాయి.

అద్దె ఎందుకు చవక?

సొంతంగా సర్వర్ పెట్టుకుంటే అయ్యే ఖర్చులో చిన్న భాగానికే వేదిక అదే పని ఎలా చేయగలుగుతోంది? దీని జవాబు వంద ఏళ్ల క్రితం టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో దొరికింది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డెన్మార్క్ గణితవేత్త ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్, ఎప్పుడు ఎన్ని కాల్స్ వస్తాయో సంభావ్యత సిద్ధాంతంతో అంచనా వేస్తూ 1909లో ఒక పరిశోధన పత్రం ప్రచురించాడు. ఊళ్లో అందరూ ఒకేసారి ఫోన్ ఎత్తరు కాబట్టి ఒక్కొక్కరికి ఒక్కో లైను అక్కర్లేదు. ఎన్ని లైన్లు ఉంటే సరిపోతుందో లెక్క కట్టవచ్చు. క్యూల గణితానికి అదే పునాది.

దుకాణాల సర్వర్లకూ అదే సూత్రం. ఒక దుకాణంలో సగటున ఒక సమయంలో నలుగురు చూస్తున్నారనుకుందాం. జనం ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా వస్తుంటే, ఈ సంఖ్యలో హెచ్చుతగ్గులు దాదాపు దాని వర్గమూలమంత ఉంటాయి. నాలుగుకు వర్గమూలం రెండు. అంటే సగటు మీద 50 శాతం ఊగిసలాట. ఆ ఊపు తట్టుకోవాలంటే ఒంటరి దుకాణదారు అవసరానికి మించిన సర్వర్‌ను ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవాలి. అలాంటి దుకాణాలు 10,000 ఒకే సర్వర్ల సమూహాన్ని పంచుకుంటే సగటు 40,000 మంది. దీని వర్గమూలం 200. ఇప్పుడు ఊగిసలాట అర శాతమే. ఒక దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు మరో దుకాణం నిండుతుంది కాబట్టి వృథాగా ఎదురుచూసే యంత్రాలు తగ్గిపోతాయి. ఆ పొదుపులో కొంత మనకు చవక అద్దె రూపంలో వస్తుంది.

ఈ సూత్రానికి ఒక షరతు ఉంది. జనం వేర్వేరు సమయాల్లో, వేర్వేరు కారణాలతో రావాలి. దీపావళికో, సంక్రాంతికో అందరూ ఒకే సాయంత్రం కొనడానికి వస్తే వర్గమూలం లెక్క పనిచేయదు. అందుకే వేదికలు పండగల ముందు అదనపు సర్వర్లను సిద్ధం చేసుకుంటాయి. చిన్న వ్యాపారికి ఏడాదిలో ముఖ్యమైన అమ్మకాలు ఆ నాలుగు రోజుల్లోనే ఉంటాయి కాబట్టి, ఆ రోజుల్లో తట్టుకుని నిలబడటం అద్దెలో దొరికే విలువైన భాగం.

తాళం, కాపలా

రెండో విలువ భద్రత. కార్డు చెల్లింపులు తీసుకునే ఎవరైనా పీసీఐ డీఎస్ఎస్ అనే ప్రమాణాలు పాటించాలి. వీటి తొలి రూపం 2004 డిసెంబరులో వచ్చింది. మన దేశంలో 2022 అక్టోబరు 1 నుంచి కొనుగోలుదారుల కార్డు నంబర్లను వ్యాపారులు తమ దగ్గర దాచుకోకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. కార్డు నంబరుకు బదులు 'టోకెన్' అనే సంకేతం వాడాలి. ఆ టోకెన్ దొంగ చేతికి చిక్కినా మరోచోట పనికిరాదు. చీరల వ్యాపారి కుటుంబం ఈ పనులన్నీ సొంతంగా చేసుకోలేదు. హోస్టెడ్ వేదికలో చెల్లింపు పేజీ, ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్, సాఫ్ట్‌వేర్ మరమ్మతులు వేదిక, పేమెంట్ గేట్‌వే బాధ్యతలు. వ్యాపారి మీద మిగిలే బాధ్యత చిన్నదే అయినా కీలకమైనది: పాస్‌వర్డ్‌ను, ఓటీపీని ఎవరికీ ఇవ్వకపోవడం, రెండంచెల లాగిన్ పెట్టుకోవడం.

మూడోది వేగం. కాంతి ఆప్టికల్ ఫైబర్‌లో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరం సుమారు 13,000 కిలోమీటర్లు. తిన్నగా తీగ వేసినా సంకేతం వెళ్లి రావడానికి సెకనులో ఎనిమిదో వంతు పడుతుంది. సురక్షిత కనెక్షన్ కుదరడానికి, పేజీ తెరుచుకోవడానికి అలాంటి రాకపోకలు ఎన్నో కావాలి. అందుకే పెద్ద వేదికలు ఫొటోల ప్రతులను కొనుగోలుదారుకు దగ్గర్లోని సర్వర్లలో ఉంచుతాయి. ఈ ఏర్పాటును కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ అంటారు. అయితే ఫోన్‌తో తీసిన భారీ ఫొటోలను అలాగే ఎక్కిస్తే ఈ ఏర్పాటు కూడా పేజీని కాపాడలేదు. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ సూచించే కొలత.

ఇంతవరకూ చూస్తే రెండు వేలకు ఇవన్నీ దొరకడం మంచి బేరమే. చిక్కు ఇక్కడి నుంచే మొదలవుతుంది.

రెండు రకాల ఖర్చులు

ఆన్‌లైన్ దుకాణంలో ఖర్చులు రెండు రకాలు. అమ్మినా అమ్మకపోయినా నెల తిరిగేసరికి కట్టాల్సినవి కొన్ని. ప్రతి ఆర్డరుతోపాటు పుట్టేవి కొన్ని. వేదికల ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది మొదటి రకం. బడ్జెట్‌ను తినేది ఎక్కువగా రెండో రకం.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. చందా 2,000 రూపాయలు. ఆటోమేటిక్ మెసేజ్‌లు, డిజైన్ వంటి అదనపు యాప్‌లకు 1,000. ఈ మూడు వేల మీద 18 శాతం జీఎస్టీ 540. వెబ్ చిరునామా అంటే డొమైన్‌కు నెలకు సుమారు 60 పడుతుందనుకుంటే మొత్తం 3,600. ప్రకటనలో చెప్పిన రెండు వేలు అప్పుడే దాదాపు రెట్టింపు అయింది.

ఇప్పుడు ఒక్కో ఆర్డరు చూద్దాం. సరకు మీద జీఎస్టీని పక్కన పెడదాం. చీర ధర 2,000 రూపాయలు. నూలు, నేత కూలి, ఇతర ఖర్చులు కలిపి 1,400. ప్యాకింగ్ 30, కొరియర్ 90. పేమెంట్ గేట్‌వే రుసుము 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 2.36 శాతం, అంటే 47 రూపాయల 20 పైసలు. చేతిలో మిగిలేది 432 రూపాయల 80 పైసలు. 3,600ను దీనితో భాగిస్తే 8.3. అంటే నెలకు తొమ్మిది చీరలు అమ్మితే అద్దె వచ్చేసినట్టే. పదో చీర నుంచి లాభం.

పచ్చడి సంగతి వేరు. కిలో 400 రూపాయలు. సరుకు, శ్రమ 220. కారకుండా గట్టిగా చేసే ప్యాకింగ్ 30, కొరియర్ 80. గేట్‌వే రుసుము 9 రూపాయల 44 పైసలు. మిగిలేది 60 రూపాయల 56 పైసలు. ఇక్కడ అద్దె రావాలంటే నెలకు 60 ఆర్డర్లు కావాలి. వేదిక అదే, చందా అదే. ఒకరికి తొమ్మిది చాలు, ఇంకొకరికి అరవై కావాలి. వేదిక చవకా, ఖరీదా అన్నది వేదికను చూసి చెప్పలేం. అమ్మే వస్తువును చూసి చెప్పాలి.

గేట్‌వే రుసుము గురించి ఒక మాట. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డు చెల్లింపుల మీద వ్యాపారి నుంచి ఎండీఆర్ అనే రుసుము వసూలు చేయడం లేదు. అయినా గేట్‌వే సంస్థ తన సేవకు విడిగా ఛార్జీ వేయవచ్చు. కొన్ని వేదికలు తమ సొంత చెల్లింపు సేవ కాకుండా బయటి గేట్‌వే వాడితే ప్రతి అమ్మకం మీద అదనపు శాతం తీసుకుంటాయి. అది 2 శాతం అయితే చీర మీద 40 రూపాయలు, పచ్చడి మీద 8 రూపాయలు మిగులులోంచి పోతాయి. చందా ధర కంటే ముందు ఈ వరుసను చదవాలి.

గాలికి కూడా కొరియర్ ఛార్జీ

కొరియర్ బిల్లులో ఒక చిన్న భౌతికశాస్త్రం దాగి ఉంటుంది. వ్యాన్‌లో చోటు పరిమితం కాబట్టి సంస్థలు బరువుతోపాటు పరిమాణం కూడా చూస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చేది ఘనపరిమాణ బరువు. చాలా సంస్థలు పాటించే లెక్క ఇదే. తూకం బరువు, ఈ బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు కట్టాలి.

కిలో పచ్చడి ప్యాకింగ్‌తో కలిపి 1.2 కిలోలు తూగుతుందనుకుందాం. దాన్ని 30, 20, 20 సెంటీమీటర్ల పెట్టెలో పెడితే ఘనపరిమాణ బరువు 2.4 కిలోలు. అర కిలో మెట్లలో ఛార్జీ వేసే సంస్థ 2.5 కిలోలకు డబ్బు తీసుకుంటుంది. అదే డబ్బాలను 20, 18, 15 కొలతల పెట్టెలో సర్దగలిగితే ఘనపరిమాణ బరువు 1.08కి దిగుతుంది. అప్పుడు తూకం బరువే లెక్కకొచ్చి ఛార్జీ 1.5 కిలోలకు తగ్గుతుంది. సరైన పెట్టె కొనడం కొన్నిసార్లు చవక వేదిక వెతకడం కంటే ఎక్కువ ఆదా చేస్తుంది.

తిరిగొచ్చే పార్సిల్

కొత్త దుకాణాన్ని నమ్మడానికి కొనుగోలుదారు వెనకాడతాడు. కాబట్టి 'క్యాష్ ఆన్ డెలివరీ' పెట్టక తప్పదంటారు. డెలివరీ బాయ్ వచ్చేసరికి ఫోన్ ఎత్తని వారు, మనసు మార్చుకునే వారు అందులో ఎక్కువ. పది చీరలు పంపితే మూడు వెనక్కి వచ్చాయనుకుందాం. చేరిన ఏడింటి మీద, నగదు వసూలు ఛార్జీ 50 రూపాయలు పోగా, ఒక్కోదానికి 430 మిగులుతుంది, మొత్తం 3,010. తిరిగొచ్చిన మూడింటికి ప్యాకింగ్, రాను పోను కొరియర్ కలిపి ఒక్కోదానికి 210 నష్టం, మొత్తం 630. మిగిలింది 2,380. పంపిన ఒక్కో ఆర్డరుకు సగటున 238 మాత్రమే. తొమ్మిది ఆర్డర్లతో వచ్చే అద్దెకు ఇప్పుడు పదహారు కావాలి.

చీర మడత నలగకుండా తిరిగొస్తే మళ్లీ అమ్మవచ్చు. పది రోజులు ఎండలో, గోదాముల్లో తిరిగొచ్చిన పచ్చడిని మరొకరికి పంపలేం. అక్కడ పోయేది కొరియర్ ఖర్చుతోపాటు 220 రూపాయల సరుకు కూడా. ఆహార పదార్థాలకు ముందుగా డబ్బు తీసుకోవడమే చాలామందికి క్షేమం.

మడిగె ఉంది, వీధి లేదు

హోస్టెడ్ వేదిక ఇచ్చేది మడిగె మాత్రమే. దాని ముందు నడిచే జనాన్ని అది తీసుకురాదు. కాంప్లెక్సులో పక్క దుకాణానికి వచ్చినవాడు మన దుకాణంలోకీ తొంగి చూస్తాడు. ఇక్కడ ఆ అవకాశం లేదు. ఎవరైనా చిరునామా తెలిసి రావాలి, లేదా ప్రకటన చూసి రావాలి.

ప్రకటన మీద ఒక క్లిక్కుకు 4 రూపాయలు పడుతోందనుకుందాం. వచ్చిన వందమందిలో ఇద్దరు కొంటే ఒక్కో ఆర్డరుకు ప్రకటన ఖర్చు 200 రూపాయలు. చీర దీన్ని మోయగలదు. 432లోంచి 200 పోతే 232 మిగులుతుంది. అద్దెకు పదహారు చీరలు కావాలి. పచ్చడి మోయలేదు. అరవై రూపాయల మిగులున్న చోట రెండు వందలు ఖర్చుపెడితే ప్రతి ఆర్డరుకూ సుమారు 139 రూపాయల నష్టం. ఇలాంటి స్థితిలో అమ్మకాలు పెరిగిన కొద్దీ నష్టమూ పెరుగుతుంది. తెర మీద ఆర్డర్ల గ్రాఫు పైకి వెళుతుంటే వ్యాపారం బాగుందన్న భ్రమ కలుగుతుంది. గల్లాపెట్టె ఖాళీ అవుతున్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

పచ్చడికి దారి లేదా అంటే ఉంది. రెండు మీటలు ఆమె చేతిలోనే ఉన్నాయి. మొదటిది ఆర్డరు పరిమాణం. కనీసం రెండు కిలోలు కొనాలని పెడితే ధర 800, సరుకు 440, ప్యాకింగ్ 45, కొరియర్ 120, గేట్‌వే దాదాపు 19. మిగులు 176 రూపాయలు. అరవై ఆర్డర్ల అవసరం ఇరవై ఒకటికి పడిపోతుంది. రెండోది మళ్లీ మళ్లీ కొనేవారు. ప్రకటనతో వచ్చిన ఒక ఇల్లు ఏడాదిలో నాలుగుసార్లు కొంటే 200 రూపాయల ఖర్చు ఆర్డరుకు 50గా పంచబడుతుంది. అప్పుడు 126 మిగిలి, నెలకు 29 ఆర్డర్లతో అద్దె వస్తుంది. రుచి నచ్చి తిరిగొచ్చే ఇళ్లే పచ్చళ్ల దుకాణానికి అసలు ఆస్తి.

రెండు గీతలు కలిసే చోటు

మరో దారి పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌లలో అమ్మడం. అక్కడ వీధి ఉంటుంది, జనం ఉంటారు. అద్దె బదులు ప్రతి అమ్మకం మీద కమిషన్ కట్టాలి. అది 15 శాతం అనుకుంటే చీర మీద 300 రూపాయలు. అమ్మకపోతే సున్నా.

గ్రాఫు కాగితం మీద గీస్తే మార్కెట్ ఖర్చు సున్నా దగ్గర మొదలై నిటారుగా పైకి వెళ్లే గీత. సొంత స్టోర్ ఖర్చు 3,600 దగ్గర మొదలై ఏటవాలుగా సాగే గీత. రెండూ ఎక్కడ కలుస్తాయో అదే నిర్ణయ బిందువు. ప్రకటనలు అక్కర్లేకుండా పాత ఖాతాదారులే కొంటే అది నెలకు పదిహేను చీరల దగ్గర వస్తుంది. అంతకంటే ఎక్కువ అమ్మేవారికి సొంత స్టోర్ చవక. ప్రతి ఆర్డరుకూ 200 రూపాయల ప్రకటన కావాలంటే బిందువు ఏకంగా 69 చీరల దగ్గరికి జరుగుతుంది. కొత్తవారిని మార్కెట్‌లో పట్టుకుని, పాతవారికి సొంత దుకాణంలో అమ్మడం చాలామందికి కుదిరే పద్ధతి. అయితే మార్కెట్ ద్వారా వచ్చిన కొనుగోలుదారుల వివరాలు వాడుకోవడానికి ఆ మార్కెట్ నియమాలు ఏమంటాయో చూసుకోవాలి.

కేంద్ర ప్రభుత్వ పరిశ్రమల ప్రోత్సాహక విభాగం చొరవతో 2021 డిసెంబరులో సంస్థగా ఏర్పడిన ఓఎన్‌డీసీ మరో ప్రయత్నం. ఇందులో అమ్మేవారి యాప్, కొనేవారి యాప్ వేర్వేరుగా ఉండి, బెకన్ అనే ఉమ్మడి ప్రొటోకాల్‌తో మాట్లాడుకుంటాయి. ఏ బ్యాంకు యాప్ నుంచైనా మరో బ్యాంకుకు యూపీఐ వెళ్లినట్టే, ఒక యాప్‌లో పెట్టిన సరకు మరో యాప్‌లో కనబడాలన్నది ఉద్దేశం.

'ఉచిత' సాఫ్ట్‌వేర్ సంగతేమిటి? 2011లో వచ్చిన వూకామర్స్ వంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అక్కర్లేదు. సర్వర్ అద్దె కూడా తక్కువలో దొరుకుతుంది. కానీ అప్‌డేట్లు, బ్యాకప్‌లు, చెడిపోయిన పేజీల మరమ్మతు ఎవరో ఒకరు చేయాలి. నెలకు పది గంటలు పడితే, గంటకు 150 రూపాయల చొప్పున అది 1,500 రూపాయల శ్రమ. ఇంట్లో కంప్యూటర్ తెలిసిన కొడుకో, కూతురో ఉంటే ఇది మంచి దారి. వాళ్లు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాక దుకాణాన్ని ఎవరు చూస్తారన్నది ముందే ఆలోచించుకోవాలి.

ఇక వాట్సాప్ బిజినెస్ యాప్‌లోని కేటలాగ్, యూపీఐ క్యూఆర్ కోడ్, ఒక నోటు పుస్తకం. నెలకు పది పదిహేను ఆర్డర్లు ఉన్నవారికి ఇవే చాలు. ఆర్డర్లు కలగాపులగమై నష్టం వచ్చే దశ వచ్చాకే అద్దె మడిగె అవసరం.

బయటికి వచ్చే తలుపు

అద్దె ఇంట్లోకి దిగేటప్పుడే ఖాళీ చేసే షరతులు చదవాలంటారు పెద్దలు. ఆన్‌లైన్ దుకాణానికి అది మరీ అవసరం. చాలా వేదికలు సరకుల జాబితా, ఖాతాదారుల జాబితా సీఎస్‌వీ ఫైలుగా దించుకోనిస్తాయి. కానీ పేజీల డిజైన్, యాప్‌లలోని సమాచారం, కొన్నవారు రాసిన అభిప్రాయాలు అంత తేలిగ్గా వెంట రావు. చందా పెరిగినా, వేదిక మూతపడినా వ్యాపారి చిక్కుకుపోకుండా ఉండటానికి మూడు జాగ్రత్తలు చాలు. డొమైన్ వ్యాపారి పేరు మీదే నమోదై ఉండాలి. వెబ్‌సైట్ చేసిచ్చినవారి పేరు మీద కాదు. నెలకోసారి జాబితాలు దించుకుని భద్రపరచాలి. సరకుల అసలు ఫొటోలు సొంత దగ్గర ఉంచుకోవాలి.

ఏడాది చందా ఒకేసారి కడితే రాయితీ ఇస్తామన్న ఆఫర్ దగ్గర కూడా ఆగాలి. 24,000 రూపాయలు ముందే కడితే అంత మేరకు నూలు కొనలేరు. దుకాణం నడుస్తుందో లేదో తేలకముందే తిరిగే డబ్బును బిగించేయడం చిన్న వ్యాపారానికి పెద్ద ప్రమాదం.

చట్టపరమైన ఖర్చులూ బడ్జెట్‌లో భాగమే. రాష్ట్రం దాటి సరకు అమ్మితే టర్నోవర్ తక్కువైనా సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి. ప్రభుత్వం పేర్కొన్న కొన్ని హస్తకళా ఉత్పత్తులకు పరిమితికి లోబడి మినహాయింపు ఉంది. పచ్చళ్ల వంటి ఆహారానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు కావాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకందారు చిరునామా, మొత్తం ధర, వాపసు షరతులు, ఫిర్యాదు చేసే దారి కొనుగోలుదారుకు స్పష్టంగా కనిపించాలి.

మూడు నెలల ప్రయోగం

ప్రయోగశాలలో ఒక పరికల్పనను పరీక్షించినట్టే ఈ నిర్ణయాన్నీ పరీక్షించవచ్చు. ముందు ఒక్కో ఆర్డరుకు మిగులు ఎంతో కాగితం మీద రాసుకోవాలి. నెల ఖర్చును దానితో భాగిస్తే కావాల్సిన ఆర్డర్ల సంఖ్య వస్తుంది. గత మూడు నెలల్లో వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లు ఆ సంఖ్యకు దగ్గర్లో ఉంటే, అదనపు యాప్‌లేవీ లేకుండా అన్నిటికంటే చిన్న ప్యాకేజీని నెలవారీగా తీసుకోవచ్చు. మూడు నెలలు నాలుగు అంకెలు రాయాలి: ఆర్డర్లు, తిరిగొచ్చినవి, ప్రకటన ఖర్చు, రెండోసారి కొన్నవారు. ఏ సంఖ్య దగ్గర ఆపేయాలో మొదటి రోజే నిర్ణయించుకోవాలి. డబ్బు ఖర్చయ్యాక తీసుకునే నిర్ణయంలో "ఇంత పెట్టాం కదా, ఇంకొంత చూద్దాం" అన్న ఆశ కలిసిపోతుంది.

ఈ లెక్క ప్రకారం మంగళగిరి కుటుంబానికి నెలకు పదిహేను ఇరవై మంది పాత ఖాతాదారులు ఉంటే అద్దె మడిగె కలిసొస్తుంది. రాత్రుళ్లు స్క్రీన్‌షాట్లు వెతికే పని తప్పి, ఒకే చీర ముగ్గురికి అమ్ముడయ్యే గందరగోళం తీరుతుంది. గుంటూరు గృహిణి మాత్రం కిలో చొప్పున అమ్మినంత కాలం వాట్సాప్‌లోనే ఉండటం మేలు. రెండు కిలోల ఆర్డర్లు అలవాటై, ఏటా తిరిగొచ్చే ఇళ్లు పెరిగాక ఆమె కూడా మళ్లీ లెక్క వేసుకోవచ్చు. అంతవరకు ఆ నెలకు 3,600 రూపాయలు కొత్తావకాయకు మంచి నూనె కొనడానికి ఉపయోగపడతాయి.